చొక్కా లోపలి వైపు

అనంతపురం పాతూరులో ఒక సందు మలుపున రెండు మిషన్లు పట్టేంత దర్జీ కొట్టు ఉంది. యజమానికి అరవై దాటాయి. ఆయన మేనల్లుడు సుభాష్ రోడ్డులో ఒక రెడీమేడ్ బట్టల చైన్ షాపులో ఫ్లోర్ మేనేజరు. ప్యాంటు జిప్పు మార్పించుకుందామని వెళ్లి నేను బల్ల మీద కూర్చున్న సాయంత్రం, ఆ అల్లుడు తన షాపులోనే కొన్న చొక్కా ఒకటి పట్టుకొచ్చాడు. నాలుగు నెలల్లో కాస్త పొట్ట వచ్చింది, పక్క కుట్లు విప్పి వదులు చేయమన్నాడు. మామ చొక్కాను తిరగేసి దీపం కింద పెట్టాడు. ఆ తర్వాత గంటసేపు నా జిప్పు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మామ: విప్పడం ఎంతసేపురా, విప్పితే వదలడానికి గుడ్డ యాడుంది? కుట్టుకూ అంచుకూ మధ్య పావు అంగుళం కూడా లేదు. ఓవర్‌లాక్ కొట్టి మిగిలింది కోసి పారేశారు. నేను కుట్టే చొక్కాలో పక్కల ముప్పావు అంగుళం లోపల దాస్తాను. ప్యాంటుకైతే వెనక సీటు దగ్గర అంగుళమున్నర. మనిషికి పెళ్లికి ముందొక కొలత, పెళ్లయ్యాక ఒక కొలత. ఈ చొక్కా కుట్టినవాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

అల్లుడు: తెలుసు మామా. తెలిసే కోసేస్తారు. ఆ చొక్కా 599 రూపాయలు. నీ దగ్గర కుట్టుకూలే 400. గుడ్డ ఖర్చు వేరే. పొట్ట పెరిగినవాడు ఇంకోటి కొనుక్కుంటాడు.

మామ: మరి నువ్వు కొనుక్కోకుండా నా దగ్గరికెందుకు వచ్చావు?

అల్లుడు: ఈ రంగు నాకు బాగుంటుందని మా ఆవిడ అంది. స్టాకు అయిపోయింది. మా దగ్గర ఒకసారి పోయిన డిజైను మళ్లీ రాదు.

మామ: చూశావా. నచ్చినదాన్ని బాగు చేసుకోలేవు, మళ్లీ కొనుక్కోనూ లేవు.

అల్లుడు: అట్లని మీ కాలమంతా బంగారమని చెప్పొద్దు. ఉగాదికి పది రోజుల ముందు గుడ్డ ఇస్తే పండగ పొద్దున కూడా "ఖాజాలు మిగిలాయి, సాయంత్రం రా" అనేవాడివి. తలంటుకొని పాత చొక్కా వేసుకొని ఈ బల్ల మీదే కూర్చొని ఏడ్చాను. పైగా మా నాన్న ఇచ్చిన గుడ్డలో నాకు చొక్కా, మీ చిన్నోడికి నిక్కరు వచ్చేవి.

మామ: నిక్కరు మాట నిజమే. ఒకసారే.

అల్లుడు: మూడు సార్లు. మా అమ్మ లెక్క పెట్టింది. సరే, అది ఇంటి గొడవ. అసలు మాట విను. నా చిన్నప్పుడు బట్టల కొట్టుకు వెళ్తే గద్దె మీద కూర్చున్నాయన మన మొహం చూసేవాడు కాదు, కాళ్ల చెప్పులు చూసేవాడు. వాటిని బట్టి ఏ అరలోంచి తాను దించాలో కుర్రాడికి కనుసైగ చేసేవాడు. పై అరలోది చూపించమని అడగడానికి నాన్నకు నోరు రాలేదు. ఇవాళ మా షాపుకు ఆటో నడిపేవాడి కొడుకు తలుపు తోసుకొని వస్తాడు. ఆరు చొక్కాలు ట్రయల్ రూమ్‌లోకి తీసుకుపోతాడు, ఆరింటిలోనూ ఫొటో దిగుతాడు, ఒక్కటీ కొనకుండా వెళ్లిపోతాడు. "ఎవరి పిల్లోడివి?" అని అడిగేవాడు లేడు. ధర అందరికీ ఒక్కటే, ట్యాగ్ మీద రాసి ఉంటుంది. ఇది చిన్న విషయమా?

(మామ కాసేపు మాట్లాడలేదు. కత్తెర తీసి పక్కన పెట్టాడు.)

మామ: చిన్న విషయం కాదు. మీ నాన్నను ఆ కొట్టుకు తీసుకెళ్లింది నేనే. ఆ మర్యాద ఇప్పుడు అందరికీ దొరుకుతోందంటే నాకూ సంతోషమే. నా గొడవ ఏమంటే, ఏసీ గదిలో అంత మర్యాద చేసి, చివరికి ఆ పిల్లోడి చేతిలో పెడుతున్నది ఏంటి? ఇట్లా రా. ఈ బొత్తాం చూడు. వెనక దారం కొస వేలాడుతోందే, దాన్ని పట్టి లాగు.

అల్లుడు: లాగితే ఊడుతుంది, నాకు తెలుసు.

మామ: ఊడటం మామూలుగా కాదు, సంచి మూతి కుట్టు విప్పినట్టు జర్రున మొత్తం వచ్చేస్తుంది. గొలుసుకుట్టు మిషన్ మీద వేసి, ముడి లేకుండా వదిలేస్తారు. నేను సూదితో నాలుగు పోట్లు వేసి, బొత్తాం కింద దారం చుట్టి, ముడి వేస్తాను. రెండు నిమిషాల పని. ఇప్పుడు కాలరు చూడు. నాలుగు ఉతుకులకే దోసె మీద బుడగల్లాగా పొంగింది. లోపల జిగురు పట్టీ పెట్టి ఇస్త్రీ వేడికి అతికిస్తారు. జిగురు పట్టీ పెట్టడం తప్పని నేననను. మంచి రకం పెట్టి, సరైన వేడి మీద అతికిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇది ఆ రకం కాదు. ఇక కుట్లు లెక్కపెట్టు. మంచి చొక్కాకు అంగుళానికి 14 కుట్లు ఉంటాయి. ఇక్కడ 9. కుట్టు పొడుగైతే మిషన్ కింద గుడ్డ తొందరగా పరుగెత్తుతుంది, దారం తక్కువ పడుతుంది. ఆ తొందర చంక కింద పిగులుతుంది.

అల్లుడు: అన్నీ ఒప్పుకుంటా. ఎందుకలా అయ్యిందో కూడా వింటావా? నువ్వు చొక్కా కుట్టేటప్పుడు ముందు గుడ్డ చూస్తావు, తర్వాత మనిషిని చూస్తావు, చివర్లో కూలి చెబుతావు. మా దగ్గర లెక్క తలకిందులు. ముందు ధర రాస్తారు. 599 అనుకున్నాక అందులో షాపు అద్దె, కరెంటు, మా జీతాలు, లారీ ఖర్చు, అమ్ముడుపోక మిగిలే సరుకు నష్టం, అన్నీ తీసేస్తారు. చివర మిగిలిన దాంట్లో గుడ్డ, దారం, బొత్తాలు, కుట్టుకూలి సర్దాలి. అద్దె తగ్గదు, కరెంటు తగ్గదు. తగ్గేది గుడ్డ ఒక్కటే.

మామ: ధర కావాల్సినంత పెంచితే ఎవడు వద్దంటాడు?

అల్లుడు: వద్దనేవాళ్లు ఇద్దరు. ఒకడు కొనేవాడు, రెండోది పన్ను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు 1,000 రూపాయల లోపు బట్టకు 5 శాతం, అది దాటితే 12 శాతం పెట్టారు. దాంతో 999 దగ్గర గోడ కట్టినట్టయింది. 1,100 పెట్టి మంచి చొక్కా చేద్దామనుకున్నవాడు కూడా గోడకు ఇవతలే ఆగిపోయాడు. 2022 మే నెల గుర్తుందా? పత్తి క్యాండీ లక్ష దాటింది. క్యాండీ అంటే 356 కిలోలు. ఆదోని యార్డులో రైతు మొహం వెలిగిన రోజులవి. పత్తి అంత పెరిగింది, ట్యాగ్ మాత్రం 999 దగ్గరే ఉంది. మధ్యలో ఏం జరగాలి?

మామ: పాలిస్టర్ రావాలి.

అల్లుడు: వచ్చింది. అంతకుముందు నూరు పాళ్లు కాటన్ ఉన్నచోట సగం పాలిస్టర్. టీషర్టు గుడ్డ చదరపు మీటరుకు 180 గ్రాములు తూగేది, అది 160కి, 150కి వచ్చింది. ఎండకు ఎత్తిపట్టుకుంటే అవతలి మనిషి కనపడతాడు.

మామ: పన్ను గోడ ఇప్పుడు జరిపారు కదా, పేపర్లో చూశాను.

అల్లుడు: జరిపారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా 5 శాతమే. ఆ పైన 18.

మామ: మరి గోడ జరిగాక చొక్కా మెరుగుపడిందా?

అల్లుడు: (తల గోక్కుంటూ) ఎనిమిదేళ్లు 999కి అలవాటు పడ్డ మనిషికి 1,400 అంటే మోసంలా కనిపిస్తుంది మామా. గోడ తీసేసినా మనుషులు అక్కడే ఆగుతున్నారు.

మామ: కంపెనీలు మొదట్నుంచీ ఇట్లా లేవురా. 1995లో అరవింద్ మిల్లు వాళ్లు "రఫ్ అండ్ టఫ్" అని జీన్స్ తెచ్చారు. కుట్టిన ప్యాంటు కాదది. ప్యాకెట్టులో డెనిమ్ గుడ్డ, జిప్పు, రివెట్లు, నడుం వెనక వేసే బ్రాండు పట్టీ పెట్టి 195 రూపాయలకు అమ్మారు. కొనుక్కున్నవాడు నేరుగా మా దగ్గరికొచ్చేవాడు. ఈ మిషన్ మీదే లావు సూది వేసి కుట్టాను. మడతల దగ్గర సూదులు పటపట విరిగేవి. కాలేజీ పిల్లలు వరుస కట్టారు. పెద్ద మిల్లు, పల్లెటూరి పిల్లోడు, మధ్యలో నేను. గుడ్డ మిల్లుది, అమరిక నాది. చవగ్గానూ ఉంది, ఒంటికి సరిపోయింది, చిరిగితే అతుకు వేశాను.

అల్లుడు: ఆ తర్వాత పదేళ్లకు నీ కొట్టు ఖాళీ అయింది. ఎందుకంటావ్?

మామ: డిస్కౌంటు. ఏడాది పొడుగునా "సగం ధర" బోర్డు. 2,000 అని ట్యాగ్ వేసి 800కి ఇస్తే, 1,200 మిగిలిందని మనిషి మురిసిపోయాడు. 800 ఖర్చయిందని గుర్తు రాలేదు.

అల్లుడు: ఆ రోజులు పోయాయి. ఆ పద్ధతిలో పెరిగిన కూటన్స్ లాంటి కంపెనీ 2007లో షేర్ మార్కెట్ దాకా వెళ్లి, తర్వాత అప్పుల్లో మునిగింది. ఇప్పటి పద్ధతి వేరు. జూడియో చూడు. టాటా వాళ్ల ట్రెంట్ 2016లో మొదలుపెట్టింది. 999 దాటి ఏ బట్టా ఉండదన్నారు, డిస్కౌంటు నాటకం లేదు. 2025 మార్చికి 765 షాపులయ్యాయి. అంత చవగ్గా, అంత సూటిగా ధర చెప్పడం తప్పా?

మామ: సూటి ధర తప్పు కాదు. నేనడిగేది వేరే. ధర సూటిగా చెప్పినట్టు గుడ్డ సంగతి కూడా సూటిగా చెప్పే షాపు ఏదైనా ఉందా? ట్యాగ్ మీద ధర బొటనవేలంత ఉంటుంది. కాటన్ ఎంత, పాలిస్టర్ ఎంత అనేది పక్క కుట్టులో చీమ తలంత అక్షరాల్లో దాక్కుంటుంది. గోకుతుందని దాన్ని కూడా మొదటి రోజే కత్తిరించేస్తారు.

అల్లుడు: గుడ్డ వదిలెయ్. స్టైలు సంగతేంటి? నీ దగ్గర రెండే రకాలు. పెద్ద కాలరు, చిన్న కాలరు. మా దగ్గర ప్రతి వారం కొత్త సరుకు దిగుతుంది.

మామ: కొత్తదేముందిరా అందులో? సాయంత్రం ఆర్టీసీ బస్టాండు దగ్గర నిలబడు. పది మంది పిల్లల్లో ఏడుగురు ఒకే సంచిలోంచి తీసినట్టుంటారు. భుజం కిందికి జారిన టీషర్టు, వీపు మీద వాడికే అర్థం కాని ఇంగ్లీషు ముక్క. నీకొక దర్జీ రహస్యం చెబుతా విను. చొక్కాలో కష్టమైన పని భుజం. భుజం కుదిరితే చొక్కా కుదిరినట్టే. ఆ భుజాన్నే కిందికి జార్చి దానికి ఫ్యాషన్ అని పేరు పెట్టాక కుదరడమనే బాధ్యతే లేదు. ఐదు సైజుల్లో ఊరంతా పడుతుంది. అంతకుముందు స్లిమ్ ఫిట్ అన్నారు, అందులో గుడ్డ మిగిలింది. ఆ బిగువులో మనిషి కూర్చోలేకపోతే లైక్రా కలిపారు, అందులో సైజులు మిగిలాయి. ఏ ఫ్యాషన్ వచ్చినా చివరికి కలిసొచ్చింది ఫ్యాక్టరీకే.

అల్లుడు: జారుడు టీషర్టుకు గుడ్డ ఎక్కువ పడుతుంది మామా. అది మాకు లాభమేం కాదు.

మామ: గుడ్డ పలచన చేశారుగా, అక్కడికక్కడ సరిపోయింది.

అల్లుడు: (నవ్వుతూ) ఈ లెక్కలన్నీ నీకెట్లా తెలుసు?

మామ: నా పనిలో సగం ఇప్పుడు మీ షాపుల బట్టలు బాగు చేయడమే. ప్యాంటు పొడుగు కోయడం, జేబు లోతు పెంచడం. జేబులో సెల్లు పట్టదు, చొక్కా జేబులో పెన్ను నిలవదు. కొన్ని ప్యాంట్లకు వెనక జేబు ఉన్నట్టు కుట్టు గీసి వదిలేశారు, వేలు కూడా దూరదు. ఉత్తుత్తి జేబు పెట్టిన బట్ట నా సర్వీసులో ఇదే చూడ్డం.

అల్లుడు: సరే, లెక్కలోకే వద్దాం. నీ చొక్కా గుడ్డతో కలిపి 1,100 అవుతుంది. మాది 599.

మామ: నాది వారానికొకసారి వేసినా నాలుగేళ్లు వస్తుంది. 200 సార్లు అనుకో. ఒక్కసారి తొడుక్కోవడానికి ఐదున్నర రూపాయలు. మీది 30 ఉతుకులకు ఉండలు కట్టి, రంగు దిగి, పొట్టిదవుతుంది. 599ని 30తో భాగించు. దగ్గర దగ్గర 20 రూపాయలు. చవక ఏది?

అల్లుడు: లెక్క బాగుంది. కానీ మామా, నెలకు 12 వేలు తెచ్చుకునే నా సేల్స్ కుర్రాడి దగ్గర 1,100 ఒక్కసారిగా ఉండవు. 599 ఉంటాయి. ఇంటర్వ్యూ ఎల్లుండి ఉంటుంది. నాలుగేళ్ల లెక్క వేసుకోవాలన్నా చేతిలో డబ్బుండాలి.

మామ: అందుకే మా దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. పండగకు కుట్టించుకొని, వేరుశనగ అమ్మాక ఇచ్చేవాళ్లు. వానలు పడక కొందరు ఎగ్గొట్టారు కూడా.

అల్లుడు: ఆ పుస్తకం ఇప్పుడు మూసేశావు కదా. మరి వాడెక్కడికి పోవాలి?

(మామ జవాబు చెప్పలేదు. నా వైపు చూశాడు. నేనూ చెప్పలేకపోయాను.)

మామ: నీ మాట తీసెయ్యను. పేదవాడికి చవక బట్ట కావాలి. చవక బట్ట చెడ్డగానే ఉండాలన్న రూలు ఎవడు పెట్టాడన్నదే నా ప్రశ్న. మన దర్జీల చేయి చెడిపోయిందా అంటే, అదీ కాదు. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు రాయదుర్గం పోయారు. అక్కడా, పక్కనే బళ్లారిలోనూ ఇంటింటా జీన్స్ కుట్టుడే కదా. ఒకడు జేబులే కుడతాడు, ఒకడు జిప్పులే వేస్తాడు. పీసుకింత అని కూలి. మొన్న వాళ్లలో పెద్దోడు వచ్చినప్పుడు వాడు వేసిన జేబు కుట్టు చూశాను. చేయి నాకంటే చురుకు. "ఇంత బాగా వేయగలవాడివి, అంత దూరం కుట్లెందుకు వేస్తున్నావురా?" అన్నాను. "దగ్గరగా వేస్తే పొద్దు మునిగేలోపు లెక్క తెగదు గురువా" అన్నాడు.

అల్లుడు: అంటే తప్పు వాడిదీ కాదు, నాదీ కాదు. మరి ఎవరిది?

మామ: నువ్వు రోజంతా షాపులో నిలబడతావు. నువ్వే చెప్పు. వచ్చినవాడు చొక్కాను ఎట్లా చూస్తాడు?

అల్లుడు: ముందు రంగు. తర్వాత ట్యాగ్ తిప్పి ధర. తర్వాత సైజు. తర్వాత అద్దం, ఫొటో.

మామ: తిరగేసి లోపలి వైపు చూసినవాడు?

అల్లుడు: (ఆలోచించి) ఏడేళ్లలో ఒక ముసలాయన. చూసి, పెట్టేసి వెళ్లిపోయాడు.

మామ: అక్కడుంది విషయం. మా నాన్న కాలంలో గుడ్డ కొనేవాడు మూల నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చేవాడు. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలిస్టర్. గుప్పిట్లో నలిపి చూసేవాడు. వెలుతురుకు పట్టేవాడు. కొన్నవాడికి తెలియకపోతే దర్జీ దగ్గరికి, తర్వాతి రోజుల్లో నా దగ్గరికి, తెచ్చేవాడు. "ఇది ఉతికితే రెండంగుళాలు లాగుతుంది, తడిపి ఆరేసి తీసుకురా" అని నేను చెప్పేవాణ్ని. బాగాలేని గుడ్డ తెస్తే తిట్టి వెనక్కి పంపిన రోజులున్నాయి. మర్నాడు బట్టల కొట్టాయన నా మీద పోట్లాటకొచ్చేవాడు. దుకాణానికీ ఒంటికీ మధ్య ఒక తనిఖీ ఉండేదిరా. నేను కుట్టేవాణ్ని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ. నిజానికి ఆ తనిఖీ కూడా నా ఉద్యోగమే. మీ షాపు వచ్చి నా కుట్టుపని తీసుకుపోయింది, దానికి నేను ఏడవను. దాంతోపాటు ఆ తనిఖీ కూడా పోయింది. దాని చోట ఎవరూ రాలేదు.

అల్లుడు: ఆ చోటు మా దగ్గర నువ్వు చెప్పినంత ఖాళీగా ఏం లేదు మామా. రాత్రి షాపు మూసేముందు, ట్రయల్ రూమ్‌లో వేసుకొని వదిలేసిన బట్టల లెక్క రాస్తాం. ఎందుకు వదిలేశారన్నదానికి గళ్లు ఉంటాయి. సైజు, రంగు, ధర, మోడల్. ఆ కాగితం పైదాకా పోతుంది. ధర గడిలో గీతలు ఎక్కువైతే వచ్చే నెల ధర తగ్గిన సరుకు వస్తుంది. రంగు గడిలో ఎక్కువైతే రంగు మారుతుంది. నిజంగా మారుతుంది, నేను చూశాను.

మామ: కుట్టు?

అల్లుడు: ఆ గడి లేదు.

మామ: ఎందుకు లేదు?

అల్లుడు: కుట్టు బాగాలేదని ఎవరూ వదిలేయలేదు కాబట్టి.

మామ చొక్కాను మళ్లీ బయటి వైపుకు తిప్పి, మడత పెట్టి అల్లుడి చేతిలో పెట్టాడు. వదులు చేయడానికి అందులో ఏమీ లేదు. పోతూపోతూ ఊడబోతున్న బొత్తానికి మాత్రం నాలుగు పోట్లు వేసి, దారం చుట్టి, ముడి వేశాడు. డబ్బులు తీసుకోలేదు.

నా తీర్పు అడిగితే, వాదనలో సగం సగం ఇద్దరూ గెలిచారు. చవక బట్ట రావడం మంచిదే. అది ఇంత నాసిగా ఉండటానికి పన్నుకూ, పత్తికీ, అద్దెకూ, పీసు కూలికీ తలా కొంత వాటా ఉంది. వాటిలో ఒక్కటీ మన చేతిలో లేదు. లోపలి వైపు చూడకుండా కొన్న వాటా మాత్రం మనదే. అందుకని ఈసారి షాపుకు వెళ్లినప్పుడు ధర చూశాక చొక్కాను ఒకసారి తిరగేయండి. పక్క కుట్టు పక్కన వేలు పెట్టి ఎంత గుడ్డ వదిలారో చూడండి. అంగుళంలో కుట్లు లెక్కపెట్టండి. బొత్తాం వెనక దారం కొస తాకి చూడండి. వెలుతురుకు ఎత్తి పట్టండి. నచ్చకపోతే అక్కడే పెట్టేసి, ఎందుకు పెట్టేశారో అక్కడున్న కుర్రాడికి ఒక్క మాట చెప్పండి. వాడి కాగితంలో ఆ గడి ఇంకా లేదు.